ముందు నేల, ఆ తర్వాతే డ్రమ్ము

తెనాలి

చిరంజీవి అల్లుడిని మేనమామ దీవించి వ్రాయునది.

 

తెనాలి మాగాణి, బాపట్ల ఇసుక చెక్క, రేపల్లె దిగువన కౌలుకు పట్టిన చౌడు, మూడింటికీ ద్రవ జీవామృతమే వాడతానన్నావు. సంతోషం. కానీ ఒక మాట గట్టిగా చెబుతున్నా. ద్రవం ఒక్కటే పైరుకు తిండి పెట్టదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని ఉంటుంది, డ్రమ్ములో కలిపే జీవామృతంలో అంత ఉండదు. దాని పని నేలలో సూక్ష్మజీవులను పెంచడం. వాటికి తినడానికి పేడ, ఆకు, మోళ్లు నేలలో ఉండాలి. అవి లేని చోట డ్రమ్ము పోయడం, కూడు పెట్టకుండా కూలీలను చేలోకి దింపడమే.

డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, మందులు తగలని గట్టు మట్టి గుప్పెడు వెయ్యి. నీడన పెట్టి గోనెపట్టా కప్పి, పొద్దునా సాయంత్రం కర్రతో కుడివైపుకు తిప్పు. రెండు రోజులకు నురగ లేచి పులిసిన వాసన వస్తుంది. కుళ్లు కంపు కొడితే చేలోకి తేవద్దు. వారంలోపు వాడెయ్యి. ఎకరానికి ఒక డ్రమ్ము, అదీ పదునున్న నేలకే.

తెనాలి నల్లరేగడికి సత్తువ ఉంది. అక్కడ గడ్డి తగలబెట్టకుండా ఉంటే చాలు, సగం పని అయినట్టే. వరి కోతకు ముందు చల్లిన మినుముకు జీవామృతం వడకట్టి, నీళ్లు కలిపి పిచికారీ చెయ్యి.

బాపట్ల ఇసుకలో ఏం పోసినా కిందికి దిగిపోతుంది. ముందు పశువుల ఎరువు, ఘన జీవామృతం వేసి, వేరుశనగ మొలిచాక ద్రవాన్ని కొద్దికొద్దిగా విడతలుగా ఇవ్వు.

రేపల్లె చౌడు సంగతి వేరు. ఉప్పును తీసెయ్యడం జీవామృతం వల్ల కాదు. ఎండాకాలం నేల బోడిగా ఉంటే అడుగునున్న ఉప్పు పైకి తేలుతుంది. ముందు మురుగు బోదె తవ్వించు. కాలువ నీళ్లు రాగానే మడి నింపి, నిలవగట్టి, బయటికి వదులు. ఉప్పును ఓర్చుకునే జీలుగ చల్లి, పూతకొచ్చేసరికి కలియదున్ను. అప్పుడు పోస్తే జీవామృతం పనిచేస్తుంది. అది క్షారపు చౌడని తేలితే జిప్సం కూడా వెయ్యాలి.

ఏది ఏమిటో మట్టి పరీక్షే చెప్పాలి. మన బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, చౌడు నేలల మీద పరిశోధనా అక్కడే జరుగుతోంది. మట్టి పట్టుకెళ్లి అడుగు. లవణ సాంద్రత (ఇ.సి.) మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే ఉప్పు నేల. సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే నేల బీదది. 2016 నుంచి ప్రకృతి సేద్యం నేర్పుతున్న రైతు సాధికార సంస్థ వాళ్లనూ కలువు.

యూరియా బస్తాలు ఒక్కసారిగా మానకు, నువ్వు కౌలు కట్టాల్సినవాడివి. తెనాలిలో ఒక్క ఎకరంలో మొదలుపెట్టి, పక్క ఎకరంతో దిగుబడి తూకం వేసి చూడు. రేపల్లె ఆసామిని మూడేళ్ల కౌలుకు ఒప్పించు. నేల ఒక్క ఏటికి బాగుపడదు, నీ కష్టం ఇంకొకరి పాలు కాకూడదు.

పరీక్ష కాగితం రాగానే నాకు పంపు. జీలుగ విత్తనం ఎంత కావాలో లెక్కేద్దాం.

ఇట్లు,
నీ మేనమామ