మాస్కు ధారణ – విజ్ఞానం, వివాదం

2020 జనవరి 29న ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో తొలి కోవిడ్ రోగుల వార్త వెలువడింది. వారు చైనాలోని వూహాన్ నగరం నుండి వచ్చిన ఒక కుటుంబం. ఆ పిమ్మట రెండున్నర సంవత్సరాలకు పైగా ఈ దేశవాసుల నిత్యజీవితంలో జానెడు గుడ్డముక్క ఒక పెద్ద చర్చావిషయమై కూర్చుంది.

అమెరికాలో, ఐరోపాలో వలె ఇక్కడ మాస్కు వ్యతిరేకులు వీధులకెక్కలేదు. వాదం ఇళ్ళలోను, కార్యాలయాలలోను, పిల్లలను బడికి పంపే తల్లిదండ్రుల మధ్యను సాగింది. ఇందుకు ముఖ్యకారణం సలహాలు మారిన తీరే. 2020 మార్చి చివర ప్రకటించిన జరిమానాల పట్టికలో మాస్కు నిబంధన దీర్ఘవ్యాధిగ్రస్తులకు, జలుబు లక్షణాలున్నవారికి పరిమితం. ఏప్రిల్ మొదటి వారానికి బయటకు వచ్చే ప్రతివారు ధరించవలెనన్నారు. మే నెలలో ఉల్లంఘనకు జరిమానా 3,000 దిర్హాములైంది. సామాన్య నిర్మాణ కార్మికుని నెలజీతం కంటె ఇది ఎక్కువ. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ ప్రజలకు కూడ మాస్కును సిఫారసు చేసినది జూన్ 5న మాత్రమే. రెండు నెలల పాటు దేశపు నియమం ఒకటి, ప్రపంచసంస్థ సలహా మరొకటిగా ఉన్నప్పుడు జనం సందేహించారంటే దానిని అజ్ఞానమని తోసివేయడం న్యాయం కాదు.

వ్యతిరేకుల ప్రధానవాదం వినడానికి సబబుగానే ఉంటుంది. వైరసు వ్యాసం సుమారు 0.1 మైక్రాను, గుడ్డనేతలోని సందులు దానికి ఎన్నో రెట్లు పెద్దవి. చేపల వలతో దోమను ఆపగలమా అన్నది వారి ప్రశ్న. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, వైరసు ఒంటరిగా ఎగరదు. మాటలో, దగ్గులో, ఊపిరిలో వెలువడే తుంపరలలోను, వాటికంటె సూక్ష్మమైన తేమకణాలలోను ప్రయాణిస్తుంది. రెండవది, వడపోత పొర జల్లెడ వంటిది కాదు. అది అడ్డదిడ్డంగా పేర్చిన పోగుల అడవి. గాలి పోగును చుట్టి పోగలదు కాని, బరువైన కణం జడత్వం వలన మలుపు తిరగలేక పోగుకు కొట్టుకొని అంటుకొంటుంది. అతిసూక్ష్మ కణాలు వాయు అణువుల తాకిడికి అటూ ఇటూ చలిస్తూ (దీనినే బ్రౌనియన్ చలనమంటారు) ఏదో ఒక పోగుకు తగులుకొంటాయి. ఎటూ చెందని సుమారు 0.3 మైక్రాను కణాలే తప్పించుకోవడంలో దిట్టలు. ఎన్‌95 మాస్కు కనీసం 95 శాతం ఆపవలసినది ఈ కష్టమైన కొలత కణాలనే. అందుకొరకు దానిలోని పాలీప్రొపిలీన్ పోగులకు విద్యుదావేశం కల్పిస్తారు. నూలుగుడ్డకు ఆ శక్తి లేదు. కనుక ‘మాస్కు’ అన్న ఒకే పేరుతో రెండింటినీ వ్యవహరించడమే సగం వివాదానికి మూలం. ఇటువంటి ఎన్‌95 మాస్కుల తయారీ 2020లో అల్ ఐన్‌లోనే ప్రారంభమైంది. స్ట్రాటా, హనీవెల్ సంస్థలు నెలకొల్పిన ఆ కర్మాగారపు సామర్థ్యం ఏడాదికి 3 కోట్లు.

ప్రాణవాయువు అందదన్న భయం సంగతి వేరు. ఆక్సిజన్ అణువు పోగుల మధ్య సందుల కంటె వేల రెట్లు చిన్నది. దానికి అడ్డేమీ లేదు. అయితే శ్వాసకు కొంత నిరోధం ఉన్నమాట నిజం. గల్ఫ్ వేసవిలో చెమటకు తడిసిన మాస్కులో అది మరింత పెరుగుతుంది. ఎండలో పనిచేసేవాడు ఊపిరాడడం లేదంటే అది వట్టి సాకు కాదు. కళ్ళజోడు ధరించేవారికి మరొక పాఠం ఉంది. అద్దాలకు ఆవిరి పట్టిందంటే గాలి వడపోతగుండా గాక ముక్కు పక్కనుండి పోతున్నదన్నమాట.

ప్రయోగశాల సంగతి అట్లుండగా, జనసమూహంలో ఫలితమెంత? డెన్మార్క్‌లో సుమారు 6,000 మందిపై జరిపిన పరిశీలన 2020 నవంబరులో వెలువడింది. మాస్కు సూచించినవారిలో 1.8 శాతానికి, సూచించనివారిలో 2.1 శాతానికి వ్యాధి సోకింది. ఈ తేడా గణాంకశాస్త్రరీత్యా నిర్ధారణకు చాలదు. పైగా అది ధరించినవారి రక్షణనే కొలిచింది గాని, వారివలన ఇతరులకు కలిగే రక్షణను కాదు. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాలలో, సుమారు 3,40,000 మంది వయోజనులపై పరిశోధన జరిగింది. ప్రోత్సాహం వలన మాస్కు వాడకం 13 శాతం నుండి 42 శాతానికి పెరగగా, లక్షణాలతో కూడి రక్తపరీక్షలో నిర్ధారణ అయిన వ్యాధి సుమారు 9 శాతం తగ్గింది. శస్త్రచికిత్స మాస్కులిచ్చిన గ్రామాలలో ఇది 11 శాతం. గుడ్డమాస్కులకు స్పష్టమైన ఫలితం కనిపించలేదు. 2023లో కాక్రేన్ సంస్థ సమీక్ష వెలువడగానే ‘మాస్కులు పనిచేయవని తేలింది’ అన్న ప్రచారం సాగింది. ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ముందుకు వచ్చి, ఫలితాలు అనిర్ణీతమని మాత్రమే సమీక్ష చెప్పినదని వివరించవలసి వచ్చింది. రుజువు కాకపోవడం వేరు, తప్పని రుజువు కావడం వేరు.

ఈ తగవు కొత్తది కాదు. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు ప్రబలినప్పుడు, పెనాంగ్‌లో జన్మించిన వైద్యుడు వూ లియెన్-తే వ్యాధి గాలిలో వ్యాపిస్తున్నదని గ్రహించి, దూది, జాలీగుడ్డలతో మాస్కులు చేయించాడు. మెస్నీ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ మాట తోసిపుచ్చి, మాస్కు లేకనే రోగులను పరీక్షించి, కొద్ది రోజులకే ఆ వ్యాధితో మరణించాడు.

మళ్ళీ ఎమిరేట్స్‌కు వస్తే, వివాదంలో ఎక్కువమంది పట్టించుకోనిది వసతి సంగతి. 2020 మార్చి 31న దుబాయిలోని అల్ రాస్ పేటను రెండు వారాలపాటు మూసివేశారు. దేరా ప్రాంతపు ఇరుకు గదులను, కార్మికుల శిబిరాలను తలచుకొంటే కారణం బోధపడుతుంది. కరీంనగర్ నుండో, నిజామాబాద్ నుండో వచ్చిన మనిషి పని బస్సులో మాస్కు ధరించగలడు. కాని పలువురు కలిసి వండుకొని, తిని, నిద్రించే మూసిన గదిలో రాత్రంతా ధరించలేడు. వ్యాధి సోకే అవకాశం హెచ్చుగా ఉన్నచోటనే మాస్కు ముఖం మీద ఉండదు. అక్కడ కావలసినది కిటికీ, మంచాల మధ్య ఎడం, జబ్బుచేసిన వానికి వేరు గది. జరిమానా రసీదు ఈ మూడింటిలో ఒక్కటీ ఇవ్వలేదు.

నియమాలు మెట్టుమెట్టుగా సడలాయి. 2022 ఫిబ్రవరి 26 నుండి ఆరుబయట, సెప్టెంబరు 28 నుండి చాలావరకు మూసిన ప్రదేశాలలోను మాస్కు ఐచ్ఛికమైంది. నవంబరు 7న ఆంక్షలు తొలగించినప్పుడు కూడ ఆరోగ్యకేంద్రాలలోను, వికలాంగుల కేంద్రాలలోను మాత్రం దానిని కొనసాగించారు. గాలి పంచుకొనక తప్పని చోట, బలహీనులు చేరే చోట అది నిలిచింది.