ఇటలీలో తిండి యాత్ర: మకాం ఏ ఊళ్లో?

(సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: సెప్టెంబరు చివర్లో తొమ్మిది రోజులకు ఇటలీ వెళ్తున్నాం. మాకు మ్యూజియంల కన్నా భోజనమే ముఖ్యం. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఒక్కోచోట మూడు రాత్రులు అనుకున్నాం. సరిపోతుందా?
- దంపతులు, హైదరాబాద్

జవాబు: ఊళ్లు చూడటానికైతే సరిపోతుంది. తినడానికైతే సరిపోదు. మూడు హోటళ్లు మారారంటే రెండు రోజులు పెట్టెలు సర్దడానికీ, స్టేషన్లలో పడిగాపులకీ పోయినట్టే. ఆరు రాత్రులు బొలోన్యాలో ఉండండి. చివరి మూడు రోమ్‌కి ఉంచుకోండి.

బొలోన్యాకి ఇటలీవాళ్లు పెట్టిన ముద్దుపేరు ‘లా గ్రాస్సా’. తిని ఒళ్లు చేసిన ఊరని అర్థం. నేను చెప్పే కారణం మాత్రం పేరు కాదు, దారి. క్రీ.పూ. 187లో రోమన్లు రిమిని నుంచి పియచెంజా దాకా ‘వియా ఎమీలియా’ అనే తిన్నని రోడ్డు వేశారు. బొలోన్యా, మోదెనా, రెజ్జో ఎమీలియా, పార్మా ఆ రోడ్డు మీదే వరసగా ఉంటాయి. ఇప్పుడు రైలూ ఆ పక్కనే వెళ్తుంది. బొలోన్యాలో ఎక్కితే మామూలు రైల్లో మోదెనా అరగంట, పార్మా గంట. ఇంకో వైపు ఫెరారా కూడా దగ్గరే. హైస్పీడ్ రైల్లో ఫ్లోరెన్స్ నలభై నిమిషాలు. పొద్దున వెళ్లి, తిని, రాత్రికి మీ మంచం మీదికి వచ్చేయొచ్చు.

మనకి ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా ఎలాగో అక్కడ ఊరికో సరుకు అలాగ. మోదెనాలో బాల్సమిక్ వెనిగర్, పార్మాలో ఎండబెట్టిన పంది తొడ మాంసం ‘ప్రొషూత్తో’, ఫెరారాలో గుమ్మడికాయ కూరిన పాస్తా, బొలోన్యాలో పంది మాంసంతో చేసే మోర్తదెల్లా, మాంసం కూరిన చిట్టి పాస్తా తొర్తెల్లీని.

ఒక్క మాట. బొలోన్యాలో ‘స్పగెట్టి బొలొనేజ్’ అడక్కండి. అక్కడ మాంసం సాస్‌ని తాల్యతెల్లె అనే పట్టీల్లాంటి గుడ్డు పాస్తాతోనే కలుపుతారు. ఉడికాక ఆ పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో ఊరి వాణిజ్య మండలిలో నమోదు చేయించారు. సాస్ తయారీని 1982లో రాయించారు. తిండి విషయంలో అంత పట్టింపు ఉన్న ఊరది.

ప్రశ్న: అమ్మానాన్నలు శుద్ధ శాకాహారులు. గుడ్డు కూడా ముట్టరు. వాళ్లని బొలోన్యా తీసుకెళ్లమంటారా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా. పైన అంత మెచ్చుకున్న ఊరినే మీకు వద్దంటున్నాను. బొలోన్యా వంట నడిచేది గుడ్డు, వెన్న, పంది మాంసం మీద. పాస్తా పిండిలోనే గుడ్డు ఉంటుంది. పైన చల్లే పార్మెజాన్ చీజ్ కోసం పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఆ చీజ్‌కి వేరే పద్ధతి లేదు. చూడటానికి ఉత్త రొట్టెలా ఉండే పియదీనాలో సంప్రదాయంగా పంది కొవ్వు వేస్తారు.

మీరు దక్షిణాన బారి నగరంలో మకాం వెయ్యండి. ఆ ప్రాంతం పేరు పూల్యా. అక్కడ పాస్తా అంటే గోధుమ రవ్వ పిండి, నీళ్లు, అంతే. నూనె ఆలివ్‌ది. ‘ఫావె ఎ చికోరియె’ అని ఒక వంటకం ఉంది. ఎండు బాకలా (ఫావా చిక్కుడు) పప్పుని మెత్తగా ఉడికించి, పక్కన చేదుగా ఉండే ఆకుకూర వేసి, పైన పచ్చి ఆలివ్ నూనె పోస్తారు. మీ నాన్నగారు ‘ఇది మన పప్పూ ఆకుకూరే కదా’ అంటారు, చూడండి. టమాటాలు, ఆలివ్‌లు అద్దిన బారి ఫొకాచ్చా రొట్టె పొద్దున్నే వేడివేడిగా దొరుకుతుంది. పాత ఊరి సందుల్లో ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్లలు వేసుకుని, చిన్న పిండి ముక్కని కత్తి మొనతో లాగి, బొటనవేలి మీద తిరగేసి, చెవి ఆకారంలో ‘ఒరెక్కియెత్తె’ పాస్తా చేస్తుంటారు.

జాగ్రత్త ఒకటే. అదే పాస్తాని చేదు ఆకులతో చేసినప్పుడు అందులో ఆంచోవీ అనే చిన్న చేపని కరిగించడం మామూలు. కంటికి కనిపించదు. ‘సెంజా అచ్చూగె’ అంటే ఆ చేప లేకుండా అని. కాగితం మీద రాసి చూపించండి. పీజా తినాలనిపిస్తే ‘మరినారా’ అడగండి. టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, నూనె ఉంటాయి. చీజ్ ఉండదు.

ప్రశ్న: మిలన్‌లో చదువుకుంటున్నాను. పార్మెజాన్ తయారీ దగ్గర నుంచి చూడాలని ఉంది. మధ్యాహ్నం బయల్దేరితే కుదురుతుందా?
- ఒక విద్యార్థి

జవాబు: కుదరదు బాబూ. మధ్యాహ్నానికి గుండిగలు కడిగేస్తారు. ముందు రాత్రి పార్మాలోనో రెజ్జోలోనో ఉండి, ఎనిమిదిన్నరకల్లా చేరుకో. ముందే ఈమెయిల్ రాసి అనుమతి తీసుకో.

రాత్రి పాలు తొట్లలో పోసి, తెల్లారేసరికి మీగడ తీసేస్తారు. వాటికి పొద్దుటి పాలు కలిపి, గంట తిరగేసినట్టుండే రాగి గుండిగల్లో పోస్తారు. నిన్నటి విరుగుడు నీళ్లు కొంచెం దాచి ఇవాళ కలుపుతారు. మన ఇంట్లో తోడు లాంటిదే. రెన్నెట్ వేశాక పది నిమిషాల్లో పాలు గడ్డ కడతాయి. తీగల కవ్వం లాంటి పనిముట్టుతో దాన్ని బియ్యపు గింజంత ముక్కలయ్యేదాకా చిలికి, 55 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ముక్కలన్నీ అడుక్కి దిగి ఒకే ముద్ద అవుతాయి. అప్పుడు ఇద్దరు వంగి, పెద్ద చెక్కతో ముద్దని లేపి, కింద గుడ్డ పరిచి పైకి తీసి, సగానికి కోస్తారు. ఒక గుండిగకి రెండు చక్రాలు. వాటిని ‘కవలలు’ అంటారు. ఒక్కో చక్రం దాదాపు 40 కిలోలు, అందుకు పట్టే పాలు 550 లీటర్లు. కొన్నాళ్లు ఉప్పునీళ్లలో నాని, తర్వాత కనీసం 12 నెలలు అరలో మాగుతుంది. ఏడాది నిండాక పరీక్షకుడు చిన్న సుత్తితో తట్టి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెబుతాడు. కుండ కొనేటప్పుడు మనం తట్టి చూసినట్టే.

ఆ చుట్టుపక్కల ఆవుల కొట్టాల్లో పంజాబీ మాట వినబడితే ఆశ్చర్యపోకు. అక్కడ పాడి పని చేసేవాళ్లలో సిక్కులు చాలామంది. రెజ్జో జిల్లా నొవెల్లారాలో వాళ్లకి పెద్ద గురుద్వారా కూడా ఉంది.

ప్రశ్న: ఇక్కడ సూపర్ మార్కెట్లో బాల్సమిక్ వెనిగర్ మామూలు ధరకే దొరుకుతోంది. మోదెనాలో చిన్న సీసా నలభై యూరోల పైనట. మోసమా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మోసం కాదు. రెండూ వేరే సరుకులు. చవకది ద్రాక్షరసానికి వైన్ వెనిగర్ కలిపి చేసేది. రెండు నెలలు నిలవుంటే చాలు. ఖరీదైనదాని మీద ‘త్రదిజియొనాలె’ అని రాసి ఉంటుంది. అందులో వెనిగర్ కలపరు. ద్రాక్షరసాన్ని పాకంలా కాచి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేర్చిన చెక్క పీపాల్లో, ఇంటి అటక మీద కనీసం 12 ఏళ్లు మాగనిస్తారు. ‘ఎక్స్‌ట్రావెక్కియో’ అయితే 25 ఏళ్లు. మోదెనా సరుకు గుండ్రటి బుడ్డిలాంటి 100 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది. కొనేముందు చెంచాడు రుచి చూపించమనండి. సలాడ్‌కి చవకది చాలు.

ప్రశ్న: మొదటిసారి వెళ్లేవాళ్లు చేసే పొరపాట్లేమిటి?
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మొదటిది, ఆగస్టులో వెళ్లడం. 15వ తేదీ పండగ చుట్టూ చాలా మంచి హోటళ్లు మూసేసి సొంతదారులే సముద్రానికి పోతారు. రెండోది, వేళ తెలియకపోవడం. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి ఏడున్నర దాటాక. మధ్యలో వంటగది మూతే. మూడోది, మామూలు రైలు కాగితపు టికెట్‌ని ప్లాట్‌ఫాం మీది యంత్రంలో ముద్ర వేయించకుండా ఎక్కడం. టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. నేనూ కట్టాను. ఇక బిల్లులో ‘కొపేర్తో’ కనిపిస్తే గొడవపడకండి. మనిషికింతని వేసే కూర్చున్న రుసుము అది.

ఇటలీ గురించి ఉత్తరం రాసేటప్పుడు ఏ నెలలో వెళ్తున్నారు, ఏమేం తినరు అన్నది మొదటి వాక్యంలోనే రాయండి. ఏ ఊరు అన్న జవాబు ఆ రెండు మాటల్లోనే ఉంటుంది.