రెండు ములుగులు – ఒక నర్సరీ వెబ్‌సైట్

పిల్లలూ! మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. మా బావగారిది హనుమకొండ. రెండేళ్ల కిందట వానాకాలంలో ఆయనకు వంద జామ అంటు మొక్కలు కావలసి వచ్చాయి. ఫోనులో వెతికితే ఒక నర్సరీ వారి వెబ్‌సైట్ కనిపించింది. అది తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక చూస్తే పెద్ద పెద్ద పూల బొమ్మలు, మెరిసే అక్షరాలు! చిరునామా దగ్గర మాత్రం “ములుగు” అని ఒక్క మాటే ఉంది. ఫోన్ నంబరు లేదు. “ములుగే కదా, మనకు దగ్గరే” అనుకుని ఆయన ట్రాలీ ఆటో మాట్లాడుకుని తూర్పు దారి పట్టారు. ఊరంతా తిరిగినా నర్సరీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? అది ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో!

ఆటో కిరాయి దండగైంది. మొక్కలు ఆయన వేరేచోట కొన్నారు. నర్సరీ యజమానికి వంద మొక్కల బేరం పోయింది. పోయిందన్న సంగతి కూడా ఆ యజమానికి తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉంది. దుకాణం ముందుకు వచ్చి తిరిగిపోయిన మనిషి కంటికి కనిపిస్తాడు. వెబ్‌సైట్ చూసి తిరిగిపోయినవాడు కనిపించడు.

మరి చిన్న వ్యాపారికి నిజంగా పనికివచ్చే వెబ్‌సైట్ ఎలా ఉండాలి? ఇందులో మీరు బడిలో నేర్చుకుంటున్న లెక్కలు, సైన్సు ఎంత ఉన్నాయో చూద్దాం.

వెబ్‌సైట్ అంటే ఏమిటి?

రాత్రింబగళ్లు ఇంటర్నెట్‌కు కలిపి ఉంచిన ఒక కంప్యూటర్‌లో దాచిన పుటల కట్టే వెబ్‌సైట్. అడిగినవారికి పుటను అందించే ఆ కంప్యూటర్‌ను సర్వర్ అంటారు. మీ ఫోనులోని బ్రౌజర్ ఆ పుటను అడిగి తెచ్చి తెరమీద చూపిస్తుంది. ఈ ఏర్పాటును 1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో ప్రతిపాదించాడు. ఆయన తయారుచేసిన మొదటి వెబ్‌సైట్‌లో బొమ్మలే లేవు. మాటలు, ఒక పుట నుంచి మరో పుటకు దారితీసే లంకెలు మాత్రమే ఉన్నాయి. అయినా అది చక్కగా పనిచేసింది!

ఒక్కొక్క సర్వర్‌ను చేరడానికి ఒక సంఖ్య ఉంటుంది. మొదటి నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో అది 0 నుంచి 255 వరకు ఉండే నాలుగు అంకెల గుంపు. దాన్ని ఎవరు గుర్తుంచుకుంటారు? అందుకే దానికి బదులు ఒక పేరు పెట్టుకుంటాం. అదే డొమైన్ పేరు. పేరు చెబితే సంఖ్యను వెతికి ఇచ్చే ఏర్పాటు 1983లో వచ్చింది.

ఈ పేరును ఏటా రుసుము కట్టి నిలుపుకోవాలి. గడువు దాటితే చేజారిపోవచ్చు. కాబట్టి దాన్ని వెబ్‌సైట్ కట్టి ఇచ్చిన కుర్రవాడి పేరున కాక, యజమాని తన పేరునే నమోదు చేయించుకోవాలి. పేరు మంచిదో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. దాన్ని ఫోనులో ఒక్కసారి చెప్పి, అవతలివారిని రాయమనండి. తప్పు లేకుండా రాస్తే ఆ పేరు పనికివస్తుంది.

మొదటి ప్రశ్న – ఎక్కడ?

తెలంగాణలో ఇద్దరికీ ములుగు అనే పేరున్న రెండు ఊళ్లున్నాయి కదా! ఒకటి 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లాకు కేంద్రం. రామప్ప గుడి, మేడారం జాతర ఆ జిల్లావే. రెండోది హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కన ఉంది. పూర్వం మెదక్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరు నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది. కొండా లక్ష్మణ్ పేరిట ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల ఈ ఊళ్లోనివే.

ఈ రెండింటి మధ్య దూరమెంత? అట్లాసు తీయండి. సిద్దిపేట జిల్లా ములుగు సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. రెండో ములుగు సుమారు 18.2, 79.9 డిగ్రీల దగ్గర ఉంది. అక్షాంశాల తేడా 0.5 డిగ్రీ. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు కనుక ఇది 55 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 1.3 డిగ్రీలు. మన ప్రాంతంలో ఒక డిగ్రీకి సుమారు 106 కిలోమీటర్లు కనుక ఇది 138 కిలోమీటర్లు. ఇక పైథాగరస్ సిద్ధాంతం ఉపయోగిస్తే తిన్నని దూరం దాదాపు 150 కిలోమీటర్లు వస్తుంది. రోడ్డు మీద ఇంకా ఎక్కువే.

అందుచేత చిరునామాలో ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ నాలుగూ ఉండాలి. సిద్దిపేట జిల్లా ములుగు పిన్‌కోడ్ 502తో మొదలవుతుంది, రెండోది 506తో మొదలవుతుంది. ఫోనులోని పటంలో గుర్తించిన స్థానాన్ని కూడా ఇస్తే మరీ మంచిది. అక్షాంశాన్ని దశాంశ బిందువు తర్వాత నాలుగు స్థానాల వరకు ఇస్తే సుమారు 11 మీటర్ల తేడాలో చోటు తెలిసిపోతుంది. అంటే నర్సరీ గేటు దాకా దారి చూపినట్టే! ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు, సెలవు రోజు పుట పైభాగంలోనే కనిపించాలి.

రెండో ప్రశ్న – ఏం దొరుకుతుంది?

సెర్చ్ ఇంజన్ అనేది పెద్ద పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది. దాని ప్రోగ్రాములు లంకెలు పట్టుకుని పుట నుంచి పుటకు పోతూ, ఏ మాట ఎక్కడ ఉందో రాసిపెట్టుకుంటాయి. మనం అడిగినప్పుడు ఆ సూచికలో వెతికి, తగినవాటిని ముందు చూపుతాయి. కాబట్టి కొనేవాడు ఏ మాటతో వెతుకుతాడో ఆ మాట పుటలో ఉండాలి. “అత్యుత్తమ నాణ్యత” అని ఏ రైతూ వెతకడు. “బంగినపల్లి మామిడి అంటు ధర” అని వెతుకుతాడు.

ఒక్క “అంట్లు” అని రాసినా చాలదు. ఆ మాట వింటే తోమవలసిన గిన్నెలు కూడా గుర్తుకొస్తాయి! “జామ అంటు మొక్కలు, అలహాబాద్ సఫేదా రకం” అని రాస్తే మనిషికీ యంత్రానికీ అనుమానం ఉండదు.

అంటు మొక్కా, విత్తన మొక్కా అన్నది కూడా చెప్పాలి. విత్తనంతో మొలిచిన మామిడి తల్లి చెట్టు లాంటి కాయే కాస్తుందన్న హామీ లేదు. అంటులో పై కొమ్మ తల్లి చెట్టుదే కనుక అదే రకం కాయ వస్తుంది. అలాగే మామిడిని 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 40 మొక్కలు పడతాయని ఒక వాక్యం రాయండి. చదివిన రైతు తన చేనుకు ఎన్ని కావాలో అక్కడే లెక్క వేసుకుంటాడు. అమ్మేవాడికి పని తెలుసునని గ్రహిస్తాడు కూడా.

కొందరు ఈ వివరాలన్నీ బొమ్మగా చేసి పెడతారు. అలా చేయకూడదు. చూపులేనివారికి పుటను చదివి వినిపించే ప్రోగ్రాములకు బొమ్మలోని అక్షరాలు సరిగా అందవు. సెర్చ్ ఇంజన్ కూడా వాటిని పూర్తిగా పట్టుకుంటుందని నమ్మలేం. తెలుగును యూనికోడ్ అక్షరాలతోనే రాయాలి.

బొమ్మ బరువెంత?

ఇప్పుడొక లెక్క. ఫోనుతో తీసిన ఫోటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు ఉన్నాయనుకోండి. మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. కుదించి దాచినా అది దాదాపు 4 మెగాబైట్లు ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు కనుక 32 మెగాబిట్లు. పల్లెలో సెకనుకు 4 మెగాబిట్లు అందుతున్నాయనుకుంటే, ఒక్క ఫోటో రావడానికి 8 సెకన్లు పడుతుంది. పది ఫోటోలకు 80 సెకన్లు! అంతసేపు ఎవరు ఆగుతారు?

అదే ఫోటోను 1000 × 750 చుక్కలకు తగ్గించండి. అడ్డంలో నాలుగోవంతు, నిలువులో నాలుగోవంతు. మొత్తం చుక్కలు పదహారోవంతు అయ్యాయి. బరువు కూడా సుమారు పావు మెగాబైటుకు దిగుతుంది. పది ఫోటోలూ 5 సెకన్లలో వచ్చేస్తాయి. ఫోను తెరమీద చూసేవారికి తేడా దాదాపు తెలియదు.

మరి మాటల బరువెంత? వెబ్ పుటల్లో సాధారణంగా వాడే పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. “ములుగు”లో మూడు హల్లులు, మూడు కొమ్ములు కలిపి 6 సంకేతాలు. అంటే 18 బైట్లు. ఆ మొదటి ఫోటో బరువుతో ములుగు అనే మాటను రెండు లక్షల సార్లకు పైగా రాయవచ్చు!

మూడో ప్రశ్న – నమ్మవచ్చా?

దూరాన ఉన్నవాడు మొక్కను ముట్టి చూడలేడు. కాబట్టి ఫోటోలు మీ నర్సరీవే కావాలి, ఎక్కడివో తెచ్చినవి కాకూడదు. ధర పక్కన అది ఏ తేదీ నాటిదో రాయాలి. మొక్కలు అయిపోతే ఆ రోజే “అయిపోయాయి” అని మార్చాలి. పాత ధర చూసి వచ్చిన మనిషి మళ్లీ రాడు.

పుట చిరునామాలో “హెచ్‌టీటీపీఎస్” అని ఉంటే మీ ఫోనుకూ సర్వర్‌కూ మధ్య మాటలు రహస్య లిపిలో సాగుతున్నాయని అర్థం. అంగడివాడు మంచివాడని దాని అర్థం కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి. ఇంకో మాట: యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కరలేదు. డబ్బు వేస్తాం, పిన్ కొట్టమని ఎవరైనా అడిగితే అది మోసమే.

పనిచేస్తున్నదా, లేదా?

వెబ్‌సైట్‌ను ఎంతమంది చూశారన్నది అసలు లెక్క కాదు. ఫోన్ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, అడిగిన ప్రతివారినీ “మా సంగతి మీకెలా తెలిసింది? వెబ్‌సైట్‌లో ఏం దొరకలేదు?” అని అడిగి రాసుకోవాలి. పదిమంది ఒకే ప్రశ్న అడిగితే దాని జవాబు పుటలో లేదన్నమాట.

మార్పులు చేసేటప్పుడు ప్రయోగశాలలో చేసినట్టే ఒకసారి ఒక్కటే మార్చాలి. ధరలు, ఫోటోలు, పేరు అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. జూన్ లెక్కను డిసెంబరు లెక్కతో పోల్చకూడదు సుమా! వానలు పడితే మొక్కల బేరం దానంతట అదే పెరుగుతుంది.

ఇప్పుడు మా బావగారి దగ్గరికి తిరిగి వద్దాం. “ములుగు” పక్కన “సిద్దిపేట జిల్లా” అని రాసి ఉంటే ఎన్ని బైట్లు పెరిగేవి? పదిహేను సంకేతాలకు 45, మధ్య ఖాళీకి 1. మొత్తం 46 బైట్లు. ఆ నర్సరీకి వంద మొక్కల బేరం పోయింది ఈ 46 బైట్లు లేకనే!

మీరే చేసి చూడండి

1. మీ ఊరి పేరులో ఎన్ని సంకేతాలున్నాయి? ఎన్ని బైట్లవుతుంది? అదే పేరుతో మరో ఊరు ఉందేమో పటంలో వెతకండి.

2. మీ వీధిలోని ఒక చిన్న దుకాణం దగ్గర గంటసేపు కూర్చోండి. వచ్చినవారు అడిగే ప్రశ్నలు రాసుకోండి. వాటికి జవాబులతో ఒక పుట కాగితం మీద తయారుచేసి యజమానికి చూపండి.

3. ఏదైనా ఒక వెబ్‌సైట్ తెరుచుకోవడానికి మీ ఇంట్లో, బడిలో, చేనులో ఎంతసేపు పడుతుందో గడియారం చూసి పట్టిక వేయండి. తేడాకు కారణమేమిటో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.