హృదయ నిర్మాణము – మనము తెలిసికొనవలసినది

గుండె ఎక్కడ ఉన్నదని అడిగినచో, నా వద్దకు వచ్చు రోగులలో చాలామంది ఎడమ రొమ్ము క్రింద చేయి పెట్టి చూపుదురు. నిజమునకు హృదయము రెండు ఊపిరితిత్తుల నడుమ, రొమ్ము ఎముకకు వెనుక ఉన్నది. దాని మొన ఎడమవైపునకు వాలియుండుటచే కొట్టుకొనుట అచ్చట తెలియును. సుశ్రుతాచార్యులు హృదయమును తలక్రిందుగానున్న తామర మొగ్గతో పోల్చిరి. చరకాచార్యులు శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటిని ప్రధాన మర్మములుగా చెప్పిరి. ఎవరి పిడికిలి ఎంతో వారి గుండె సుమారుగా అంత. పెద్దవారిలో దీని బరువు 250 నుండి 350 గ్రాములు.

నాలుగు గదులు

పైనున్న రెండు గదులను కర్ణికలనియు, క్రింది రెండింటిని జఠరికలనియు అందురు. శరీరమంతట తిరిగి, ప్రాణవాయువు తగ్గిన రక్తము మహాసిరల ద్వారా కుడి కర్ణికకు, అచ్చటినుండి కుడి జఠరికకు చేరి ఊపిరితిత్తులకు పోవును. అక్కడ ప్రాణవాయువును గ్రహించి ఎడమ కర్ణికకు, పిదప ఎడమ జఠరికకు వచ్చి, మహాధమని ద్వారా దేహమంతట ప్రసరించును. కుడి జఠరిక ప్రక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపిన చాలును. ఎడమ జఠరిక అరికాళ్ళ వరకు పంపవలెను. అందుచే దీని గోడ సుమారు మూడు రెట్లు మందము. రక్తము వెనుకకు మరలకుండ నాలుగు కవాటములు తలుపులవలె కాపాడును. అవి మూసుకొనునప్పటి శబ్దమే వైద్యుడు స్టెతస్కోపుతో వినునది. విశ్రాంతిలో గుండె నిమిషమునకు సుమారు 72 మార్లు కొట్టుకొని, 5 లీటర్ల రక్తమును నడిపించును.

గుండెకు ఆహారము

గదులనిండ రక్తమున్నను దానివలన గుండె కండరమునకు పోషణ చాలదు. మహాధమని మొదట బయలుదేరు రెండు హృదయ ధమనులు ఆ పని చేయును. సన్నని ఈ నాళములలో క్రొవ్వు పేరుకొని, దానిపై రక్తపు గడ్డ ఏర్పడి దారి మూసుకొనినచో, ఆ భాగపు కండరము చావనారంభించును. అదియే గుండెపోటు.

గ్యాసు అని ఏమరరాదు

గుండె అడుగు భాగము ఉదరవితానముపై ఆనియుండును. దానికి క్రిందనే జీర్ణాశయము. పైగా గుండె, రొమ్ము, ఎడమచేయి వీని నరములు వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోట చేరును. అందుచే గుండె నొప్పి కడుపు పైభాగమున మంటగను, చేతిలోను దవడలోను లాగుడుగను తోచవచ్చును. మధుమేహ రోగులలో నొప్పి లేకయే ఆయాసము, చెమట మాత్రమే కనిపించవచ్చును.

వాము, సొంఠి, ఇంగువ అజీర్తికి నేను నిత్యము చెప్పునవే. కాని రొమ్ములో బరువు, చల్లని చెమట, ఆయాసము కలిసి వచ్చినప్పుడు వాము నమలుచు తెల్లవారువరకు వేచియుండరాదు. తెల్లమద్ది చెక్కను మన శాస్త్రము హృద్రోగములకు చెప్పినది. అయినను మూసుకొన్న ధమనిని అప్పటికప్పుడు తెరచునది అది కాదు. వెంటనే 108కి ఫోను చేయుడు. రోగిని నడిపింపక, మెట్లెక్కింపక, ఇ.సి.జి. సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చుడు. ఆలస్యమైన కొలది చచ్చు కండరము పెరుగును. చచ్చిన కండరము మరల మొలకెత్తదు.