రోములో అద్దె ఇల్లు



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల మన కుటుంబాలలో రోము యాత్ర మాట ఇప్పుడు తరచు వినబడుతోంది. కంపెనీ పని మీద ఐరోపా వెళ్ళిన కొడుకు అమ్మానాన్నలను పిలిపించుకుంటాడు. లేదా ఇంటిల్లిపాదీ పది రోజుల యాత్రకు డబ్బు కడతారు. పునీత పేతురు బసిలికా ముందు ఒక ఫోటో, కొలోసియం ముందు ఒక ఫోటో, మర్నాడు తెల్లవారగానే అస్సీసి బస్సు. ఇంత ఖర్చు పెట్టి వెళ్ళి, ఒక్క రోము నివాసినైనా పలకరించకుండా తిరిగి వచ్చేవారు ఎందరో! ఇది నాకు లోటుగానే తోస్తుంది.

పునీత పౌలు రోము చేరిన తీరు చూడండి. అపోస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో ఉంది. ఆయన ఖైదీగా వస్తున్నాడు. ఆ సంగతి విని అక్కడి సహోదరులు అప్పియా సంత వరకు, మూడు సత్రాల వరకు ఎదురు వెళ్ళారు. వారిని చూశాకే ఆయనకు ధైర్యం వచ్చింది. తరువాత రెండు సంవత్సరాలు అద్దె ఇంట్లో ఉండి, తన వద్దకు వచ్చినవారిని ఆదరించాడు. అప్పటికి రోములో క్రైస్తవ బసిలికాలు లేవు. విశ్వాసులు ఇళ్ళలోనే కూడేవారు. ప్రిస్కా, అక్విలా దంపతుల ఇంట కూడే సంఘానికి పౌలు తన లేఖలో వందనాలు చెప్పాడు. అక్విలా పుట్టింది నల్లసముద్రపు ఒడ్డున పొంతులో. వృత్తి డేరాలు కుట్టడం. రోము, కొరింతు, ఎఫెసు, మళ్ళీ రోము - ఊళ్ళు మారుతూనే బ్రతికారు. గుంటూరు నుండో ఖమ్మం నుండో వచ్చి హైటెక్ సిటీ పక్కన అద్దెకుంటున్న మనకు వీరు దగ్గరివారే. అవెంటైన్ కొండ మీది పునీత ప్రిస్కా దేవాలయం వారి ఇంటి స్థలమని పాత సంప్రదాయం.

రోములో హైదరాబాదుకు చుట్టరికమున్న విచారణ కూడ ఒకటుంది. మన అగ్రపీఠాధిపతులు పూల ఆంథోనీ గారిని ఫ్రాన్సిస్ పోపు గారు 2022 ఆగస్టు 27న కార్డినల్‌గా చేశారు. తెలుగువారిలో ఆయనే తొలి కార్డినల్. పూర్వం కార్డినల్స్ రోము నగర గురువర్గానికి చెందినవారు గనుక నేటికీ ఒక్కొక్కరికి రోముతో ముడిపడిన ఒక దేవాలయాన్ని అప్పగిస్తారు. ఆంథోనీ గారికి వచ్చినది పాత ఆరేలియా రహదారి దగ్గరి ఆది వేదసాక్షుల దేవాలయం. క్రీ.శ. 64లో రోము తగలబడిన తరువాత నీరో చంపించిన క్రైస్తవులు వీరు. పండుగ జూన్ 30, అంటే పేతురు పౌలుల పండుగకు మర్నాడు. వీరి పేర్లు ఎవరికీ తెలియవు. యాత్రల వాళ్ళు ఆ వైపు బస్సు ఆపరు. మీరే వెళ్ళాలి.

వెళ్ళడం కష్టం కాదు. పెద్ద 'టి' అక్షరం బోర్డు ఉన్న పొగాకు దుకాణంలో సిటీ బస్సు టికెట్టు అమ్ముతారు. బస్సెక్కగానే దాన్ని యంత్రం వద్ద నమోదు చేసుకోవాలి, లేకుంటే జరిమానా! వీధి మలుపుల్లో ఇనుప కొళాయిలు రాత్రింబగళ్ళు పారుతుంటాయి. అవి త్రాగునీళ్ళే, సీసా కొననక్కరలేదు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి త్రాగితే చౌక, కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది. దుకాణంలో అడుగు పెట్టగానే "బోన్‌జోర్నో" అనండి, వెళ్తూ "గ్రాత్సియె" అనండి. పలకరించకుండా సరుకు అడిగితే మన ఊళ్ళోనైనా ఏమనుకుంటారు?

చాలా దేవాలయాలు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. మామూలు రోజున సాయంత్రపు పూజకు అరగంట ముందే వెళ్ళండి. చాలా విచారణలలో ఆ వేళకు జపమాల మొదలై ఉంటుంది. చెప్పేవారిలో ఎక్కువమంది వృద్ధ స్త్రీలు. భాష రాకపోయినా మంగళవార్త జపం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మన అమ్మమ్మలకు వెంటనే తెలిసిపోతుంది, తమ వంతు తెలుగులో అందుకోవచ్చు. పూజలో సమాధానం చెప్పుకునేటప్పుడు పక్కవారు "పాచే" అంటూ చేయి చాస్తారు. పూజయ్యాక వెంటనే బయటకు రాకండి. ఎక్కడి నుండి వచ్చారని ఎవరైనా అడగవచ్చు. ఆరేలియా దారిలోని ఆ విచారణలోనైతే "హైదరాబాదు" అని చెప్పండి. అది వారి కార్డినల్ గారి ఊరు గదా!

ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం రోమీయులకు వ్రాసిన లేఖ 16వ అధ్యాయం ఇంట్లో పైకి చదవండి. పౌలు పేరు పేరునా ఎందరిని పలకరించాడో పిల్లలచేత లెక్కపెట్టించండి. పాతికమంది దాకా ఉంటారు. ఆ తరువాత, మీ అపార్టుమెంటులో ఆదివారం పూజకు వచ్చే కుటుంబాల పేర్లు ఎన్ని తెలుసో కూడ వ్రాయించండి.