నేల గట్టిదా, మెత్తనిదా?

1985 సెప్టెంబరు 19. పొద్దున ఏడు గంటలు దాటింది. మెక్సికో దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. రాజధాని మెక్సికో నగరంలో బట్టలు కుట్టే ఆడవాళ్ళు అప్పటికే పనిలో ఉన్నారు. వాళ్ళ కార్ఖానాలు కూలిపోయాయి. వందలమంది కుట్టుపని ఆడవాళ్ళు చనిపోయారు. నగరమంతా కలిపి వేలమంది చనిపోయారు.

భూకంపం పుట్టింది దూరంగా, సముద్రం ఒడ్డున. అక్కడికీ నగరానికీ 350 కిలోమీటర్ల పైనే. అయినా నగరం నడుమ మేడలు కూలాయి. అదే నగరంలో గట్టి కొండనేల మీది ఇళ్ళకు పెద్దగా ఏమీ కాలేదు. ఎందుకని?

నగరం నడుమ ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేది. ఆ నీళ్ళు బయటికి పంపేసి ఇళ్ళు కట్టారు. అడుగున మెత్తని బంకమన్ను ఉంది. ఒక పళ్ళెంలో రాయి, జున్నుముక్క పెట్టి కదపండి. పళ్ళెం ఆగితే రాయి ఆగుతుంది. జున్ను ఇంకా ఊగుతుంది. ఆ రోజు సరస్సు నేల కొండనేల కంటె నాలుగైదు రెట్లు ఎక్కువగా అదిరింది.

ఏ నేల ఎలా ఊగుతుందో ముందే అంచనా కట్టవచ్చు. అందుకు నాలుగు పద్ధతులున్నాయి.

1. బోరు వేయడం: 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతారు. దెబ్బలు తక్కువైతే నేల మెత్తన. అడుగు మన్ను కళ్ళతో చూడవచ్చు. కాని ఖర్చెక్కువ. ఒక్కచోటి సంగతే తెలుస్తుంది.

2. నేలను కొట్టడం: సుత్తితో నేలను కొడతారు. ఆ అదురు ఎంత వేగంగా పోయిందో యంత్రాలతో కొలుస్తారు. గట్టినేలలో వేగంగా పోతుంది. మెత్తని నేలలో మెల్లగా పోతుంది. తవ్వే పని లేదు. కాని బాగా లోతు సంగతి అందదు.

3. నేల సన్నని అదురు కొలవడం: గాలికి, అలలకు, బండ్లకు నేల ఎప్పుడూ సన్నగా అదురుతుంది. మనకు తెలియదు. చిన్న యంత్రానికి తెలుస్తుంది. నేల ఊపు ఎన్ని సెకన్లకు ఒకటో చెబుతుంది. మెక్సికో సరస్సు నేలలో చాలాచోట్ల ఒక ఊపుకు రెండు సెకన్లు. మధ్యరకం ఎత్తు మేడల ఊపు దానితో కలిసింది. ఊగే ఉయ్యాలను మళ్ళీ మళ్ళీ తోసినట్టయింది. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ. కాని పెద్ద భూకంపంలో నేల ఎన్ని రెట్లు ఊగుతుందో సరిగ్గా చెప్పదు.

4. నిజం భూకంపాన్ని కొలవడం: గట్టినేల మీద ఒక యంత్రం, మెత్తని నేల మీద ఒకటి పెడతారు. చిన్న భూకంపం వచ్చినా రెండింటినీ పోల్చవచ్చు. ఇది బాగా నమ్మదగింది. కాని భూకంపం వచ్చేదాకా కాచుకోవాలి.

మరి ఏది మేలు? ఏ ఒక్కటీ చాలదు. నాడి ఒక్కటే చూసి అన్ని జబ్బులూ చెప్పలేరు కదా! ముందు తక్కువ ఖర్చు పద్ధతితో ఊరంతా చూడాలి. అనుమానం ఉన్నచోట బోరు వేయాలి.

బతికి బయటపడిన కుట్టుపని ఆడవాళ్ళు ఊరుకోలేదు. సొంత సంఘం పెట్టుకున్నారు. దానికి సెప్టెంబరు 19 అనే పేరు పెట్టారు.

ఇల్లు కట్టేముందు గోడల సంగతే కాదు, నేల సంగతీ అడగాలి. ఇది పూడ్చిన చెరువా? పాత ఏటి దారా? అడగడానికి ఖర్చు లేదు.

ప్రశ్నలు
1. కొండనేల మీది ఇళ్ళు ఎందుకు నిలిచాయి?
2. ఏ పద్ధతికి తవ్వకం కావాలి?
3. మీ ఇంటి కింద ఏ నేల ఉంది? పెద్దవాళ్ళను అడిగి రాయండి.