అలివివల

విశాఖపట్నానికి ఈశాన్యంగా, గోస్తనీనది సముద్రంలో కలిసేచోట భీమునిపట్నం ఉంది. జనవ్యవహారంలో అది భీమిలి. అక్కడి ఇసుకతిన్నెలపై గుడారం వేసుకొని మిత్రులతో ఒకదినం గడపటం యువకులకు ఎంతో ఉల్లాసకరం. పున్నమినాటి పోటు చాలా పైకి వస్తుంది గనుక గుడారాన్ని తడి ఇసుకకు బాగా ఎగువన వేసుకోవాలి. గాలం వేసి కూర్చున్న మిత్రులకు చేప పడినా, పడకున్నా ఒకటే. పొద్దు హాయిగా గడిస్తే చాలు.

తీరాన అలివివల లాగే మత్స్యకారుల స్థితి వేరు. వారు వలతాడు ఒక కొసను ఒడ్డున ఉన్నవారికి అప్పగించి, పడవపై వెళ్లి అర్ధవలయాకారంగా వల విడుస్తారు. రెండవ కొసను కొంతదూరాన ఒడ్డుకు చేరుస్తారు. పిమ్మట రెండు జట్లు మడమలు ఇసుకలో దిగబడేలా నిలిచి, క్రమంగా ఒకదానికొకటి చేరువవుతూ వలను లాగుతాయి. చూడవచ్చిన విద్యార్థులు సాయం పట్టవచ్చు. కాసేపటికే అరచేతులు కందిపోతాయి. కట్టకడపట వచ్చేది వలసంచి. అందులో కవ్వళ్లు, నెత్తళ్లు నిండుగా ఉంటే ఆ పూట పండుగే. లేకుంటే మిగిలేది శ్రమ మాత్రమే.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, యంత్రపు పడవల వేటను నిషేధిస్తారు. ఆ దినాలలో యంత్రంలేని తెప్పలే కడలిపైకి వెళతాయి. దొరికినదానిని వలకూ, పడవకూ, లాగినవారికీ వాటాలు వేసి పంచుకుంటారు.